వీణ నాదాన్ని కూడా చప్పుడుగానే లెక్కించిన వీడియో కాల్

కాకినాడలో డిగ్రీ ముగించి తలో ఊరికి చేరిన మేము నలుగురం ఆదివారం రాత్రుళ్లు ఒక వీడియో కాల్ యాప్‌లో కలుసుకోవడం కోవిడ్ కాలంలో మొదలై ఇప్పటికీ సాగుతోంది. ఉద్యోగాల కబుర్లతో పాటు ఆ వారంలో ఎవరు ఏం రాశారో, ఏం గీశారో, ఏం వాయించారో మిగతావారికి చూపించాలన్నది మా ఏర్పాటు. ఎంతమంది చేరవచ్చు, డేటా ఎంత ఖర్చవుతుంది అన్న సంగతులు అందరికీ తెలిసినవే గనుక వాటి జోలికి పోను. ఇన్నేళ్ల వాడకం తరువాత నేను చెప్పదలచుకున్నది నాయిస్ క్యాన్సిలేషన్, అంటే మైకులో పడే చుట్టుపక్కల చప్పుళ్లను తీసేసే వడపోత గురించి మాత్రమే.

దాని మేలు ముందు చెప్పాలి. మాలో ఒకడు భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరు, కథలు రాస్తాడు. చీకటి పడ్డాక చెరువు నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ తెల్లవారుజాముకు మరీ పడిపోతుంది కాబట్టి నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు రాత్రంతా తిరగవలసిందే, అతను గట్టు మీద ఉండవలసిందే. మామూలుగా ఫోన్ చేస్తే ఆ హోరులో అతని మాట సగం కూడా అందదు. ఈ యాప్‌లో మాత్రం హోరంతా మాయమై కథ ఎంత తేటగా వినిపించిందంటే, మొదటిసారి "ఇవాళ డ్యూటీ లేదేమిట్రా?" అని అడిగాం. ఆ రోజుల్లో కనబడిన వారందరికీ ఈ యాప్ వేసుకోమని చెప్పాను.

నా వంతు వచ్చినప్పుడు కథ అడ్డం తిరిగింది. నేను రామచంద్రపురంలో ఒక బడిలో లెక్కలు చెబుతాను, సాయంత్రాలు వీణ సాధన చేస్తాను. వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు 1922లో పుట్టిన ద్రాక్షారామం మాకు పొరుగూరే. ఈ ప్రాంతంలో వీణ పట్టినవారికి నాదం విషయంలో పట్టింపు కాస్త ఎక్కువ, అది నాకూ ఉంది. కల్యాణి రాగంలో సొంతంగా కూర్చుకున్న ఒక చిన్న స్వరజతిని బాగా సాధన చేసి, ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించే శ్రుతి పెట్టె పక్కన పెట్టుకుని వాయించాను. అవతల వారికి శ్రుతి ఏ మాత్రం వినబడలేదట. తీగ మీటిన క్షణంలో టక్కుమని మోగి, ఆ వెంటనే నాదం తెగిపోయిందట. వీణకు ప్రాణమంతా మీటిన తరువాతే ఉంటుంది. మెట్టు మీద తీగను లాగి ఒక్క మీటుతోనే రెండు మూడు స్వరాలు పలికించే గమకం ఆ తరిగిపోతున్న నాదంలోనే నడుస్తుంది. అది కాస్తా పోయాక వాళ్లు విన్నది వడ్రంగి మేకులు కొట్టడమే. మర్యాద కోసం చాలాసేపు ఓపిక పట్టి, చివరికి మాలో మూడో మనిషి, నరసాపురం అమ్మాయి, "ఏమే, ఇంకా వాయిస్తున్నావా, ఆపేశావా?" అని అడిగింది.

ఆ వడపోత మనిషి మాటను పట్టుకుని, తక్కినదంతా తీసేయడానికి తయారైనది. మాట ఆగి ఆగి, హెచ్చుతగ్గులతో సాగుతుంది. ఫ్యానూ మోటారూ ఒకే తీరున మోగుతాయి. మారకుండా మోగడమే శ్రుతి లక్షణం కాబట్టి తంబురా అయినా, శ్రుతి పెట్టె అయినా దాని లెక్కలో ఫ్యానుతో సమానం. మావాడికి ఏరియేటర్ల హోరు తీసిపెట్టిన నేర్పే నా శ్రుతినీ తీసేసింది. సెట్టింగుల లోపల ఎక్కడో దీన్ని ఆపే వీలుంది. ఆపితే వీణ చాలావరకు వీణలాగే వినబడుతుంది. వెంట కుక్కరు కూత, వీధిలో బండి హారన్ కూడా వస్తాయి, అందుకు నాకు అభ్యంతరం లేదు. ఎవరి మైకుకు వారి సెట్టింగే గనుక గట్టు మీదివాడికీ ఇబ్బంది లేదు. యాప్ అప్‌డేట్ అయినప్పుడల్లా అది మళ్లీ తనంతట తానే ఆన్ అయిపోవడం మాత్రం నాకు మింగుడుపడని విషయం.

పైన మెచ్చుకున్న కథల సంగతిలోనూ కొంత వెనక్కు తీసుకోవాలి. కథ చెప్పేవాడికి వినేవాడు ఊఁ కొట్టాలి కదా. ఇక్కడ ఒకరు మాట్లాడుతుండగా మరొకరి ఊఁ గాని, సన్నటి నవ్వు గాని చాలాసార్లు అణిగిపోతాయి. మేము ఊఁ కొడుతూనే ఉన్నా, మంచి పట్టులో ఉండగా అతను ఆగి "ఉన్నార్రా?" అని అడుగుతుంటాడు. ఈ మధ్య అతని కథలు పొట్టివవుతున్నాయి. కారణం ఇదేనని నా అనుమానం, పట్టుబడుల సీజన్‌లో తీరిక లేకపోవడమని అతని వాదన.

నరసాపురం అమ్మాయి చూపించే లేసు డిజైన్లు కెమెరాలో తెల్లటి మరకల్లా కనిపించేవి. కింద నల్లగుడ్డ పరచడంతో ఆ చిక్కు తీరింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తూ మృదంగం వాయించే నాలుగో మిత్రుడితో కలిసి వాయించడం మాత్రం కాల్‌లో కుదరలేదు. శబ్దం సుమారు 30 మిల్లీసెకన్లకు మించి ఆలస్యమైతే లయ కలపడం కష్టం, మామూలు వీడియో కాల్‌లో ఆలస్యం అంతకంటే ఎక్కువే. అందుకే అతను రికార్డు చేసిన ఫైలును వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంటుగా పంపుతాడు. అలా పంపితే నాణ్యత తగ్గకుండా ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. నేను ఇయర్‌ఫోన్‌లో అది వింటూ వీణ రికార్డు చేసి తిరిగి పంపుతాను.

గోల మధ్య పని చేసేవారు మాట్లాడుకోవడానికైతే ఈ యాప్‌ను నిశ్చింతగా వాడవచ్చు. నాకు ఇంట్లో ఫైబర్ లైను ఉంది, ఆదివారం సెలవు, వినేవారు స్నేహితులు. వీటిలో ఏది లేకపోయినా ఇంతకాలం దీన్ని అంటిపెట్టుకుని ఉండేదాన్ని కానేమో. ఆన్‌లైన్‌లో వీణ నేర్పాలనుకునేవారు అడిగితే, తొలి పాఠాలైన సరళీ స్వరాల వరకు ఫరవాలేదంటాను. గమకం దిద్దవలసిన పాఠానికైతే, వడపోత ఆపినా సరే, శిష్యులను ఇంటికే రమ్మంటాను.