నిషి కసాయ్ స్టేషన్ పక్కన పది రోజులు, అమ్మతో, పిల్లాడితో

టోక్యో వెళ్తున్నామంటే తెలిసినవాళ్ళందరూ షింజుకులో రూమ్ తీసుకోమన్నారు. మా తమ్ముడు మాత్రం "అక్కా, ఆ స్టేషన్‌కి రెండొందలకి పైగా దారులున్నాయి, అమ్మ మోకాళ్ళతో అక్కడ తిరగలేదు, నిషి కసాయ్ వచ్చేయండి, మా ఇంటికి దగ్గర" అన్నాడు. అంత దూరం వెళ్ళి ఊరి చివర ఉండటమేంటి అని నాకు మొదట నచ్చలేదు. పది రోజులుండి వచ్చాక చెప్తున్నా, పెద్దవాళ్ళతో వెళ్ళే మనవాళ్ళకి ఇంతకన్నా మంచి చోటు నాకైతే తెలీదు.

హనేదా ఎయిర్‌పోర్ట్‌లో దిగి కేక్యూ లైన్ రైలు ఎక్కితే నిహొంబాషి దాకా అదే రైలు వచ్చేస్తుంది, అన్నీ రావు కాబట్టి బోర్డు చూసి ఎక్కాలి. అక్కడ తోజాయ్ అనే మెట్రో లైన్‌కి మారితే నిషి కసాయ్. సూట్‌కేసులున్నప్పుడు నిహొంబాషిలో లిఫ్ట్ ఎక్కడుందో ముందే మ్యాప్‌లో చూసుకోండి, మేము చూసుకోక బాగా నడిచాం. మినామి సునామాచి దాటాక రైలు సొరంగంలోంచి బయటికొచ్చి అరాకావా నది మీద పెద్ద వంతెన ఎక్కుతుంది, ఒక్కసారిగా ఎండ, నీళ్ళు, కిటికీ నిండా ఆకాశం. అమ్మ "కృష్ణ బ్రిడ్జి మీద పోతున్నట్టుందే" అని దణ్ణం పెట్టేసింది. ఈ వంతెన మీదే 1978 ఫిబ్రవరిలో సుడిగాలికి రైలు పెట్టెలు ఒరిగిపడ్డాయని తమ్ముడు చెప్పాడు, ఇప్పుడు గాలి గట్టిగా ఉంటే రైళ్ళు నెమ్మదిగా నడుపుతారు, ఆపేస్తారు కూడా.

తోజాయ్ లైన్ ఇటు వైపు 1969లోనే వచ్చినా నిషి కసాయ్ స్టేషన్ తెరిచింది 1979లో. లైన్ పైన, స్టేషన్ పైన, కింద వరసగా షాపులు. అటో ప్లాట్‌ఫామ్ ఇటో ప్లాట్‌ఫామ్, అంతే, తప్పిపోయే పని లేదు. ఊరి మధ్యలో ఆఫీసులుండే ఓటెమాచికి 9 కిలోమీటర్లు, పావుగంట పైన కొంచెం, టికెట్ 210 యెన్లు. 2000 సంవత్సరం ముందు వైటూకే (కంప్యూటర్లలో తేదీల సమస్య) పనుల కోసం వచ్చిన మన ఐటీ వాళ్ళు ఓటెమాచి, కాయబాచో ఆఫీసులకి ఒకటే రైల్లో వెళ్ళిపోవచ్చని ఇక్కడ ఇళ్ళు తీసుకున్నారట, అలా అలా పెరిగి ఇప్పుడు సాయంత్రం గేటు దగ్గర నిలబడితే తమిళం, హిందీ, మధ్యలో మన తెలుగు కూడా వినిపిస్తుంది. ఇంకో కారణం యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ అపార్ట్‌మెంట్లు, బయట ఓనర్లు అడిగే కీ మనీ (తిరిగి ఇవ్వని డబ్బు), జామీను ఇక్కడ అడగరు, విదేశాల నుంచి వచ్చినవాళ్ళకి జామీను సంతకం ఎవరు పెడతారు చెప్పండి. తమ్ముడు వాళ్ళదీ అదే. చిన్న ఇల్లు కానీ గాలీ వెలుతురూ బాగున్నాయి.

అందరం ఆ ఇంట్లో పట్టం అని మొదటి మూడు రాత్రులు స్టేషన్ దగ్గర బిజినెస్ హోటల్ తీసుకున్నాం. స్టేషన్ నుంచి నాలుగు నిమిషాలు, అది ఒక్కటే దాని గొప్ప. రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవడానికి నేల మీద చోటు లేదు, మూడింటి దాకా రూమ్ ఇవ్వలేదు, పిల్లాడు లాబీలో నా ఒళ్ళోనే పడుకున్నాడు. పైగా సిగరెట్ కంపు. నాన్ స్మోకింగ్ అని బుక్ చేసుకున్నా అన్నీ నిండిపోయాయని ఒక రాత్రి అలాగే ఉంచారు, మర్నాడు మార్చారు. బుక్ చేసేటప్పుడు ఆ ముక్క మెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకా, రేటు గదికి కాదు మనిషికి వేస్తారు, అది చూసుకోకపోతే లెక్క తప్పుతుంది.

ఇక పొద్దున రద్దీ. ఈ లైన్లో కిబా నుంచి మోంజెన్ నాకాచో మధ్య 2019లో 199 శాతం రద్దీ, అప్పట్లో టోక్యో మొత్తంలో అదే ఎక్కువ. 200 శాతం అంటే ఒళ్ళూ ఒళ్ళూ ఒత్తుకుపోవడమే. కోవిడ్ తర్వాత తగ్గిందన్నారు గానీ ఎనిమిదింటికి నేను ఎక్కి చూశా, చెయ్యి పైకి ఎత్తితే దించడానికి చోటు లేదు, అయినా ఒక్కరు అరవలేదు, ఒక్కరు తోసుకోలేదు, దిగేవాళ్ళు దిగేదాకా గీతల మీద రెండు వరసల్లో నిలబడే ఉన్నారు. ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉంది ఆ టైంలో. అమ్మని, పిల్లాడిని మాత్రం తొమ్మిదిన్నర దాటాకే బయటికి తీసుకెళ్ళా, మీరూ అలాగే చెయ్యండి.

ఒక రోజు నేనే తప్పు చేశా. తిరుగు ప్రయాణంలో ఓటెమాచిలో వచ్చిన రైలు వచ్చినట్టు ఎక్కేశా, అది ర్యాపిడ్. తోయోచో దాటాక ఇంక ఎక్కడా ఆగదు, మా స్టేషన్ కళ్ళ ముందే వెళ్ళిపోయింది, ఏకంగా ఉరాయాసులో ఆగింది, అది టోక్యో దాటి చిబా జిల్లా! మళ్ళీ లోకల్ పట్టుకుని రెండు స్టేషన్లు వెనక్కి వచ్చాం. ఆ కంగార్లో అమ్మ మందుల సంచి ఉరాయాసులో దిగిన రైల్లోనే ఉండిపోయింది. షుగర్ మందులు, బీపీ మందులు అన్నీ అందులోనే. నిషి కసాయ్ గేటు పక్క కిటికీ దగ్గరికి వెళ్ళి ఏడుపు ఒక్కటే తక్కువ నాకు. అక్కడి అతనికి ఇంగ్లీషు రాదు, ట్యాబ్ తీసి జపనీస్‌లో అడిగి ఇంగ్లీషులో చూపించాడు, ఎన్ని గంటలకి దిగారు, ఎన్నో పెట్టె, సంచి రంగు ఏంటి. పెట్టె నంబరు నాకేం తెలుసు? అప్పుడు మా వాడు "అమ్మా, కింద నేల మీద 4 అని రాసుంది" అన్నాడు. ప్లాట్‌ఫామ్ మీద ప్రతి తలుపు దగ్గరా పెట్టె నంబరు రాసి ఉంటుంది, పిల్లాడు అది చూశాడు. అతను ఫోన్ చేశాడు, ఓ ఇరవై నిమిషాలు అలా నిలబడ్డాం, చివరి స్టేషన్ నిషి ఫునాబాషిలో దొరికిందని కాగితం మీద టైం, స్టేషన్ పేరు రాసి రెండు చేతులతో ఇచ్చాడు. వెళ్ళి పాస్‌పోర్ట్ చూపించి సంతకం పెట్టి తెచ్చుకున్నా. మాత్రల అట్ట కూడా ఎలా ఉన్నది అలాగే ఉంది. ఆ రోజు దొరక్కపోతే తర్వాత ఈదాబాషి స్టేషన్లో మెట్రో వాళ్ళ పోయిన వస్తువుల ఆఫీసుకి వెళ్తాయట. అప్పట్నుంచీ ఎక్కేముందు నేల మీది నంబర్ ఫోటో తీసుకోవడం నాకు అలవాటైపోయింది.

చూడ్డానికి దగ్గర్లోనే చాలా ఉన్నాయి. పక్క స్టేషన్ కసాయ్‌లో లైన్ కిందే మెట్రో మ్యూజియం, పెద్దలకి 220 యెన్లు, 1927లో నడిచిన మొదటి పసుపు రంగు పెట్టె అక్కడుంది, మా వాడు రైలు నడిపే సిమ్యులేటర్ దగ్గర్నించి కదల్లేదు. సోమవారం సెలవు. గ్యోసెన్ పార్కులో చిన్న జూ ఫ్రీ, పక్కనే తోట, అమ్మ అక్కడ గంట కూర్చుంది. కసాయ్ రింకాయ్ పార్కుకి స్టేషన్ ముందు నుంచి బస్సు, 117 మీటర్ల జెయింట్ వీల్, అక్వేరియంలో గుంపులు గుంపులుగా ట్యూనా చేపలు. అక్కడ జేఆర్ రైలు ఎక్కితే తర్వాత స్టేషనే మైహామా, డిస్నీలాండ్. తిండికి ఇబ్బంది లేదు, కందిపప్పు, చింతపండు, ఆవాలు, కరివేపాకు అన్నీ ఇండియన్ షాపుల్లో దొరికాయి, ధర మాత్రం మన ఊరితో పోల్చుకోవద్దు. అన్నట్టు మెట్రో స్టేషన్లలో చెత్త డబ్బాలుండవు, 2022లో తీసేశారు, ఒక కవర్ సంచిలో పెట్టుకోండి.

తిరిగొచ్చే రోజు రైలు టికెట్లకి వాడిన పాస్మో కార్డులు కిటికీలో వాపసిస్తే ఒక్కో దానికి 500 యెన్ల డిపాజిట్ ఇచ్చేశారు. అమ్మ తనది ఇవ్వనంది. వాడకపోయినా పదేళ్ళ దాకా పనిచేస్తుందమ్మా అని తమ్ముడు అన్నాడు కదా, ఇంక అంతే, పర్సులో ఆధార్ కార్డు పక్కన పెట్టేసుకుంది.