మూడు ముళ్ల ఆల్టీమీటర్ కొన్నాను, ఎలా ఉందంటే

మూడు ముళ్లంటే పెళ్లి ముచ్చట కాదు, పాత విమానంలోంచి తీసిన ఆల్టీమీటర్, అంటే గాలి పీడనాన్ని బట్టి విమానం ఎంత ఎత్తులో ఉందో చెప్పే మీటర్. ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట) పిచ్చితో సెకండ్ హ్యాండ్‌లో 12,000 పెట్టి తీసుకున్నా. అమ్మినాయన "టెస్ట్ చేసిందే సార్" అన్నాడు కానీ ఒక్క కాగితం ముక్క ఇవ్వలేదు, పైగా నాబ్ ఎంత బిగుసుకుపోయిందంటే మొదటి రోజు తిప్పేసరికి బొటనవేలు వాచింది.

మా నాన్న చూసి "ఇదేం గడియారంరా, పన్నెండే లేదు" అన్నారు. నిజమే, 0 నుంచి 9 వరకే అంకెలు. పొడుగు ముల్లు ఒక చుట్టు తిరిగితే 1,000 అడుగులు, పొట్టిగా లావుగా ఉన్నది తిరిగితే 10,000. సన్నగా ఉండి చివర తిరగేసిన త్రికోణం ఉన్నది పదివేల లెక్క చెబుతుంది. అంకెల మధ్య చిన్న గీత ఒక్కోటి 20 అడుగులు.

మేముండేది బేగంపేటలో, అక్కడి ఎయిర్‌పోర్ట్ ఎత్తు 1,742 అడుగులు. ఆ పూట శంషాబాద్ క్యూఎన్‌హెచ్ (సముద్ర మట్టానికి లెక్కగట్టిన గాలి పీడనం) నెట్‌లో చూసి, నాబ్ తిప్పి డయల్‌లోని చిన్న కిటికీలో ఆ అంకె పెడితే పొడుగు ముల్లు సరిగ్గా 8 మీద, లావుది 2కి కాస్త ముందు, సన్నది 0 దాటీ దాటనట్టు నిలబడ్డాయి. అంటే 1,800. మా మూడో అంతస్తుకి ఓ ముప్పై తీసేస్తే మిగిలింది పెద్ద తేడా కాదు, పైలట్లు నేల మీద 75 అడుగుల దాకా సర్దుకుంటారు. కాకపోతే అద్దం మీద వేలితో తట్టాలి, లేకపోతే ముల్లు మొరాయిస్తుంది (విమానంలో అయితే ఇంజిన్ అదురే ఆ పని చేస్తుంది).

మొన్న ముసురు పట్టి పీడనం 5 మిల్లీబార్లు పడింది, నేను కిటికీలో అంకె మార్చలేదు, మా ఇల్లు కూర్చున్న చోటే దాదాపు 140 అడుగులు లేచింది!

అసలు తంటా ఆ సన్న ముల్లుతోనే. 1,800 అయినా 11,800 అయినా మిగతా రెండూ ఒకే చోట ఉంటాయి, తేడా చెప్పేది ఇదొక్కటే, అదేమో లావుదాని కింద దాక్కుంటుంది. 1958లో బ్రిటన్‌లో ఏప్రిల్‌లో ఒక వైకౌంట్ విమానం, డిసెంబర్‌లో ఒక బ్రిటానియా విమానం ఇలా పదివేలు తప్పు చదివే నేలకు గుద్దుకున్నాయి. తర్వాత వచ్చినవాటిలో 10,000 లోపు ఉంటే చారలు కనబడే ఏర్పాటు పెట్టారు, నా దాంట్లో అది లేదు.

సిమ్యులేటర్ పక్కన పెట్టుకుని చదవడం నేర్చుకోవాలంటే కొనొచ్చు, కొనేముందు నాబ్ తిప్పి చూడండి, టెస్ట్ కాగితం అడగండి. ఆ రెండింటికే నేను ఒక స్టార్ కోశాను.