తరగడం మరిచిన పున్నమి: ‘హోటల్ డెల్ లూనా’లో చందమామ

దక్షిణ కొరియాలోని టీవీఎన్ ఛానెల్‌లో 2019 జులై నుంచి సెప్టెంబరు దాకా 16 భాగాలుగా ప్రసారమైన ‘హోటల్ డెల్ లూనా’ను ఈ మధ్య రెండోసారి చూశాను. మొదటిసారి అది నాకు దయ్యాలు బస చేసే సత్రం కథగా, దాని చుట్టూ అల్లిన ప్రేమకథగా మాత్రమే తోచింది. రెండోసారి నా చూపు చందమామను వదల్లేదు. ఈ ధారావాహికలో జాబిలి అలంకారం కాదని, అది కాలానికి ప్రతిరూపమని, ఆ సంగతి పట్టుబడితే కథలో సగం చిక్కుముళ్లు వాటంతట అవే విడిపోతాయని నాకు గట్టిగా అనిపించింది. ముగింపు గురించి కూడా ఇక్కడ రాస్తున్నాను కనుక ఇంకా చూడనివారు చూశాకే చదవడం మంచిది.

కథ సియోల్ నగరంలోని మ్యోంగ్‌డాంగ్‌లో నడుస్తుంది. అక్కడ మామూలు మనుషుల కంటికి కనబడని ఒక హోటల్ ఉంది. తీరని కోరికలతో చనిపోయినవారు ఆ కోరికలు తీరేదాకా అక్కడ బస చేసి, ఆపై వంతెన దాటి పరలోకానికి వెళ్లిపోతారు. యజమానురాలు జాంగ్ మన్‌వోల్ మాత్రం వెళ్లలేదు. తనవారిని పోగొట్టుకుని, పగ తీర్చుకుని, ఆ పాపభారంతో 1,300 ఏళ్లుగా అక్కడే బందీగా ఉంది. ఈ పాత్రను ఐయూ, కొత్తగా మేనేజరుగా వచ్చిన గు చాన్‌సంగ్ పాత్రను యో జిన్‌గూ పోషించారు. రచన హాంగ్ అక్కాచెల్లెళ్లది.

అసలు తాళంచెవి ఆమె పేరులోనే ఉంది. ‘మన్’ అంటే నిండిన, ‘వోల్’ అంటే చంద్రుడు. మన్‌వోల్ అంటే పున్నమి చంద్రుడు. నేను చూసిన వేదికలో ఉపశీర్షికలు ఈ అర్థాన్ని చెప్పీ చెప్పనట్టు దాటవేశాయి. అది చిన్న నష్టమేమీ కాదు. ఎందుకంటే గతకాలపు ఘట్టాల్లో చదువురాని ఆ అమ్మాయికి చోంగ్‌మ్యోంగ్ అనే సేనాని తన పేరు తాను రాసుకోవడం నేర్పే సన్నివేశం ఒకటుంది. గీసిన ఆ గీతల్లో తన పేరును మొదటిసారి చూసుకుంటున్న ఆమె ముఖంలోని పసితనాన్ని, వెయ్యేళ్ల తర్వాతి యజమానురాలి విసుగునిండిన కళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఆ పేరు ఒకప్పుడు కానుక, ఇప్పుడు శిక్ష. పున్నమి అందమైనదే, కానీ మర్నాడు పాడ్యమి రాకపోతే, ఆ చంద్రుడు ఎన్నటికీ తరగకపోతే, అది వెలుగు కాదు, గడ్డకట్టిన కాలం. మన్‌వోల్ వయసు పెరగదు, మరణం రాదు. నిండుదనమే ఆమెకు సంకెల.

ఈ పోలిక రచయిత్రుల సొంత ఊహ మాత్రమే అనుకోనక్కర్లేదు. కొరియా సంప్రదాయంలో దీనికి లోతైన వేళ్లున్నాయి. 1145లో పూర్తయిన ‘సామ్‌గుక్ సాగి’ అనే చరిత్ర గ్రంథంలో బెక్జే రాజ్య పతనానికి ముందు జరిగినట్టు ఒక ఉదంతం ఉంది. ఒక దయ్యం రాజభవనంలోకి వచ్చి, రాజ్యం నశిస్తుందని అరిచి, నేలలోకి ఇంకిపోతుంది. అక్కడ తవ్విస్తే ఒక తాబేలు దొరుకుతుంది. దాని వీపు మీద బెక్జే నిండు చంద్రుడని, పొరుగు రాజ్యమైన సిల్లా బాలచంద్రుడని రాసి ఉంటుంది. నిండినది తరుగుతుందని, నిండనిది పెరుగుతుందని అర్థం చెప్పినవాణ్ణి రాజు చంపించాడు. నిండు చంద్రుడంటే మన వైభవమేనన్నవాడి మాటకు మురిసిపోయాడు. 660లో బెక్జే కూలిపోయింది. చుసోక్ పండుగకు కొరియావారు చేసుకునే సోంగ్‌ప్యోన్ అనే బియ్యప్పిండి వంటకాన్ని అర్ధచంద్రాకారంలో మడవడం వెనుక కూడా ఈ భావమే ఉందంటారు. పెరగవలసినదానిలోనే ఆశ ఉంటుంది. ఇది తెలిశాక, పున్నమి పేరు మోస్తున్న నాయిక కథ ఎటు పోవాలో వేరే చెప్పనక్కర్లేదు: ఆమె తరగాలి.

తెలుగువారికి ఈ సంగతి సులువుగా అందుతుంది. మనకు ‘నెల’ అంటే చంద్రుడూ, మాసమూ. వెన్నెల, నెలవంక అన్న మాటల్లో ఉన్నది ఆ నెలే. కొరియన్ భాషలో ‘తల్’ అన్న మాటకు కూడా సరిగ్గా ఈ రెండర్థాలే ఉన్నాయి. చందమామలో కుందేలు వాళ్లకూ ఉంది. అయితే వాళ్ల కుందేలు ఒక చెట్టు కింద రోట్లో పిండి దంచుతూ ఉంటుంది. ఆ చెట్టు తలపుకొచ్చినప్పుడే హోటల్ తోటలోని చెట్టు నాకు కొత్తగా కనిపించింది.

ఆ చెట్టు పేరు వోల్యోంగ్‌సు. చంద్రుడు, ఆత్మ, వృక్షం అన్న మూడు మాటల కలయిక. మన్‌వోల్ ప్రాణం దానితో ముడిపడి ఉంటుంది. మొదటి భాగాల్లో అది ఆకులేని మోడు. చాన్‌సంగ్ వచ్చాక చిగురిస్తుంది, పూస్తుంది, చివరికి పూలు రాలిపోతాయి. తరగలేని చంద్రుడికి బదులుగా తరిగే పనిని ఈ చెట్టు చేస్తుంది. ప్రేమ ఆమెను కాపాడటం లేదు, ఆమె కాలాన్ని మళ్లీ నడిపిస్తోంది. నడిచే కాలం కనుక అది ఆమెను తీసుకుపోతుంది కూడా. ప్రతి పువ్వూ ఇటు సంతోషం, అటు వీడ్కోలు. ఈ రెంటినీ ఒకే కొమ్మ మీద పూయించడం ఈ రచనలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

ఇదే తీగ చిన్న పాత్రల దాకా పాకింది. హోటల్ రిసెప్షన్ బల్ల దగ్గర ఉండే కుర్రవాడు హ్యోన్‌జుంగ్ కొరియా యుద్ధకాలంలో చనిపోయినవాడు; బతికి ఉన్న చెల్లెలి కోసం కాచుకుని ఉంటాడు. చివరికి ఆమె ముదుసలిగా వస్తుంది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల అన్న, తల నెరిసిన చెల్లెలు కలిసి బయలుదేరే ఆ ఘట్టంలో కాలం ఆగినవారికీ, నడిచినవారికీ మధ్య దూరం కళ్లెదుట కనబడుతుంది. నాకు కన్నీళ్లు ఆగలేదు.

లోపాలు లేవని అనను. సోల్ జివోన్ అనే హంతకుడి ఉపకథ సాగదీసినట్టు ఉంది. అది నడుస్తున్నంతసేపూ చంద్రుడూ చెట్టూ రెండూ వెనక్కి పోతాయి. హోటల్ భవనం వెనుక పెద్ద పూర్ణబింబాన్ని పదే పదే చూపించడం వల్ల దాని బరువు కొంత తగ్గింది. చెట్టు పూలు రాలుతున్న భాగాల్లోనైనా ఆకాశంలో నెలవంకను చూపి ఉంటే, మాటల్లేకుండానే అర్థం పూర్తయ్యేది. ఇంకొక చిన్నమాట: పేరులోని ‘లూనా’ స్పానిష్‌లో చంద్రుడు; ఆ భాష వ్యాకరణం ప్రకారం ‘డెల్ లూనా’ అన్నది ‘డె లా లూనా’ కావాలి. భాష మీద పట్టింపు ఉన్నవారిని ఇది కాస్త గుచ్చుకుంటుంది.

ముగింపు మాత్రం నిజాయితీగా ఉంది. మన్‌వోల్‌ను ఏదో మాయతో ఆపి ఉంచలేదు. ఆమె వంతెన దాటి వెళ్లిపోయింది, చాన్‌సంగ్ సాగనంపాడు. ఆ తర్వాత అతిథి పాత్రలో కిమ్ సూహ్యోన్ కొత్త యజమానిగా కనిపిస్తాడు. హోటల్ పేరు ఇప్పుడు ‘బ్లూ మూన్’. ఒకే నెలలో వచ్చే రెండో పున్నమిని అలా పిలుస్తారు. చంద్రుడు ఉదయించాడు, వ్యాపారం మొదలుపెడదామని అతడు అనగానే దీపాలు మళ్లీ వెలుగుతాయి. పాత చంద్రుడు పూర్తిగా అస్తమించాకే ఆ మాట వినిపించడం వల్ల, అది రెండో భాగానికి వేసిన ఎరలా కాక, నెల మారినట్టుగా ఉంది.