గ్యాస్ కొట్టే ముందు పైపు చూసే షాపు

విజయవాడ ఆటోనగర్‌లో కార్ ఏసీ షాపులకు కొదవ లేదు. కానీ కారవాన్ తీసుకెళ్తే సగం మంది దూరం నుంచే చేతులూపేస్తారు. టెంపో ట్రావెలర్ ఛాసిస్ మీద కట్టించిన బండి మాది. అందులో ఏసీలు రెండు. కప్పు మీదిది కరెంటుతోనో జనరేటర్‌తోనో నడుస్తుంది, దానితో ఏ పేచీ లేదు. తంటా అంతా ఇంజన్‌తో నడిచే రెండోదానితోనే. దాని కంప్రెసర్ ముందు ఇంజన్ పక్కన, కూలింగ్ కాయిల్ ఎక్కడో వెనక మంచాల పైన. మధ్యలో రెండు పైపులు బండి కింద ఛాసిస్ పొడవునా రోడ్డు దుమ్ము తింటూ వెళ్తాయి.

వారంటీ అయిపోయిన ఎండాకాలమే వెనక గాలి వేడిగా రావడం మొదలైంది. మొదట వేరేచోట గ్యాస్ కొట్టించాను. చల్లబడింది, కానీ నెల తిరక్కుండానే కథ మళ్లీ మొదటికొచ్చింది. "గ్యాస్ తగ్గింది సార్, కొట్టేద్దాం" అన్నారు. తగ్గడానికి ఇదేమన్నా వంట గ్యాసా? రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల మీద కాస్త పోతే పోవచ్చు గానీ, నెలలో ఖాళీ అయిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే.

ఒక లారీ డ్రైవర్ చెబితే ఈ షాపుకి వెళ్లాను. బోర్డు మీద 'ఏసీ వర్క్స్' అన్నంత వరకే కనబడుతుంది, మిగతా అక్షరాలు ఎండకు పోయాయి. ఇక్కడి పెద్దాయన గ్యాస్ ఒత్తిడి చూపే గేజి ముట్టుకోలేదు. పక్క లారీ షెడ్డు వాళ్లని అడిగి బండిని వాళ్ల గుంత మీద పెట్టించి, టార్చి పట్టుకుని కిందికి దిగాడు. ఆయన వెతికింది జిడ్డు మరక కోసం. గ్యాస్ పోతూ పోతూ కంప్రెసర్ ఆయిల్‌ని కూడా కాస్త లాక్కుపోతుంది, ఆ తడికి దుమ్ము పట్టి నల్లగా కనబడుతుంది.

వెనక చక్రానికి కొంచెం ముందు, ఒక క్లాంపు దగ్గర దొరికింది. క్లాంపు విప్పితే లోపలి రబ్బరు చిట్లి పక్కకి జారిపోయి ఉంది. ఇనుప అంచు సరాసరి అల్యూమినియం పైపు మీద ఆడుతోంది. "గోరు పెట్టి చూడండి సార్" అన్నాడు. గోరు దిగబడేంత గాడి, లోపల తళతళ మెరుస్తోంది. నైట్రోజన్ 150 పీఎస్ఐ ఒత్తిడి దాకా ఎక్కించి సబ్బు నీళ్లు పూస్తే అక్కడే సన్నగా బుడగలు లేచాయి. (కొన్నిచోట్ల నైట్రోజన్ లేదని ఆక్సిజన్ ఎక్కిస్తారట. లోపల ఆయిల్ ఉంటుంది, పేలితే మనిషి మిగలడు. అలాంటి చోట బండి స్టార్ట్ చేసుకుని వచ్చేయండి.)

నాకు ఆయన మీద గురి కుదిరింది ఆ తర్వాత. చిల్లు దొరికింది కదా అని ఆగలేదు. కుర్రాడితో ఎక్సలేటర్ తొక్కిస్తూ ముందు వైపు చూశాడు. ఇంజన్ ఊగినప్పుడల్లా కంప్రెసర్ నుంచి వచ్చే రబ్బరు హోస్ బిగుసుకుపోయి, వెనక పైపుని లాగుతోంది. హోస్ పొట్టిగా కోశారు. పైగా క్లాంపులు చాలా దూరం దూరంగా ఉన్నాయి. వెనక నుంచి వచ్చే లావు పైపు చల్లగా ఉండి ఎప్పుడూ చెమట పడుతుంది, దానికి దుమ్ము కలిస్తే ఆకురాయితో రుద్దినట్టే. మేము సూర్యలంక బీచ్‌కి తరచూ వెళ్తాం కూడా. ఉప్పు తడి ఉన్నచోట ఇనుము ఆనుకుని ఉంటే అల్యూమినియంని తుప్పు ఇంకా త్వరగా తినేస్తుందట. మంచాలకీ రంగు లైట్లకీ పెట్టిన శ్రద్ధలో పావు వంతు బండి కింద పెట్టి ఉంటే కట్టినవాళ్ల సొమ్మేం పోయేది?

ఆర్గాన్ వెల్డింగ్‌తో చిల్లు పూడ్చమని నేనే అడిగాను, చవకవుతుందని. పైపు పల్చబడిన చోట వెల్డింగ్ నిలవదన్నాడు. అరిగిన ముక్క కోసి కొత్తది వేశాడు. హోస్ కాస్త పొడవుగా, వదులు ఉండేలా కొత్తది క్రింపింగ్ (చివర్లకి ఫిట్టింగులు నొక్కి బిగించడం) చేయించాడు. మూరకొక క్లాంపు, ప్రతిదానికీ మందం రబ్బరు. విప్పిన జాయింట్లలో 'ఓ-రింగు' రబ్బర్లు, గ్యాస్‌లో తేమ పీల్చే ఫిల్టర్ డ్రయ్యర్ మార్చాడు. తర్వాత ముప్పావు గంట వాక్యూమ్ పెట్టి, పంపు ఆపేసి ముల్లు కదులుతుందేమోనని ఇంకాసేపు కూర్చున్నాడు, కదిలితే ఇంకా ఎక్కడో లీకున్నట్టే.

ఏసీలో వేసే ఆర్134ఏ గ్యాస్ సిలిండర్‌ని కాటా మీద పెట్టి గ్రాముల లెక్కన ఎక్కించడం నేను చూసింది ఇక్కడే. ఇంజన్ ఆపి గేజి చూస్తే, 30 డిగ్రీల వేడిలో సగం గ్యాస్ ఉన్నా నిండా ఉన్నా దాదాపు 95 పీఎస్ఐ చూపిస్తుంది, లోపల కొంచెం ద్రవం మిగిలి ఉంటే చాలు. ముల్లు చూసి "ఫుల్ ఉంది సార్" అనేవాళ్ల మాటకి విలువ అంతే.

మొత్తం 14,000 దాటింది. పనికి తగ్గదే గానీ, ముందు ఎంతవుతుందో చెప్పమంటే "చూద్దాం సార్" తప్ప ఇంకో మాట రాలేదు. బిల్లు తెల్లకాగితం మీద. సాయంత్రానికి ఇస్తానన్నది మర్నాడు సాయంత్రానికి ఇచ్చాడు. ఫోన్ చేస్తే ఎత్తరు. మే నెల ఎండలో కూర్చోవడానికి ఒక స్టూలు కూడా లేదు, మా ఆవిడ బండిలోనే కప్పు ఏసీ వేసుకుని కూర్చుంది. కింది రేకు మళ్లీ బిగించేటప్పుడు రెండు బోల్టులు తక్కువొచ్చాయి. అడిగితే నవ్వి, వెతికి వేశాడు.

తర్వాత దోర్నాల ఘాట్ మీదుగా శ్రీశైలం వెళ్లొచ్చాం. దిగేటప్పటికి వెనక మంచం మీద మా ఆవిడ దుప్పటి కప్పుకుని ఉంది. వచ్చాక కిందికి దూరి చూశాను, క్లాంపులన్నీ ఉన్నచోటే ఉన్నాయి, జిడ్డు లేదు.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, గుంత లారీల వాళ్లది కాబట్టి పది దాటితే దొరకదు. కప్పు మీద ఏసీ ఉంటే షెడ్డులోకి తిప్పకండి, ముందు రేకు కిందికుంటుంది, బయటే ఆపి పిలవండి.