సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? కింద బ్రేక్ పైపులు ఎటు పోతున్నాయో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి

వైజాగ్‌లో ఒక డీలర్ దగ్గర మేం కొన్న కారు సిటీలో వంక పెట్టడానికి లేకుండా తిరిగింది. అరకు ఘాట్ ఎక్కి, గాలికొండ దాటి దిగడం మొదలుపెట్టగానే బ్రేక్ పెడల్ మెత్తబడి కిందికంటా పోయింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ పక్కన ఆపాం. బండి చల్లారాక పెడల్ మళ్లీ మామూలే!

"ఘాట్‌లో బ్రేక్ ఎక్కువ తొక్కి ఉంటారు సార్" అన్నాడు డీలర్. అలా జరగదని కాదు. కానీ అప్పటిదాకా మేం ఎక్కుతూనే ఉన్నాం, బ్రేక్ తొక్కిందే తక్కువ.

లిఫ్ట్ ఎక్కిస్తే అసలు సంగతి బయటపడింది. కిందంతా కొత్తగా కొట్టిన నల్ల కోటింగ్. బాడీకి ఉన్న కంపెనీ క్లిప్పులు ఖాళీగా ఉన్నాయి. వెనక చక్రాలకు వెళ్లే రెండు పైపులూ మార్చేసి, సైలెన్సర్ పక్కనుంచి వేలెడు సందు కూడా లేకుండా లాగి, ప్లాస్టిక్ ట్యాగ్‌లతో కట్టేశారు. ఆ ట్యాగ్‌లు కరిగి సైలెన్సర్‌కి అంటుకుపోయాయి. మధ్యలో వేడిని అడ్డుకోడానికి ఉండాల్సిన హీట్ షీల్డ్ రేకు లేనే లేదు. ఒకచోట పైపు బ్రాకెట్‌కి రాసుకుని, పూత పోయి తెల్లగా మెరుస్తోంది. ఇంకొన్నాళ్లయితే అక్కడే చిల్లు పడేది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం ఆయిల్ కొత్తగా ఉంటే 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే 230, 155. ఘాట్ ఎక్కే బండి సైలెన్సర్ పైపు అంతకంటే ఎక్కువే కాలుతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కడితే, మనం ఎంత తొక్కినా ఆ బుడగలు నొక్కుకుపోవడమే తప్ప ఒత్తిడి చక్రం దాకా వెళ్లదు. చల్లారితే అవి మాయం. అందుకే చల్లటి బండి మీద ఏ మెకానిక్ చూసినా "బాగానే ఉంది" అంటాడు.

కాబట్టి టెస్ట్ డ్రైవ్‌కి ఫ్లైఓవర్ మీద ఒక రౌండు చాలదు. బండి బాగా వేడెక్కాక పెడల్ తొక్కి పట్టుకుని చూడండి. ఖాళీ క్లిప్పులు, కొత్త కోటింగ్ కనిపిస్తే కారణం అడగండి. పైపు మధ్యలో రబ్బరు ట్యూబు ముక్కతో అతుకు ఉందా, ఇక బేరమే వద్దు.

పైపుకి వేడి తగలకుండా హీట్ స్లీవ్ అనే తొడుగు తొడిగిస్తానని డీలర్ అన్నాడు. వద్దన్నాం. సందు లేనిచోట స్లీవ్ వేస్తే రాపిడి కనపడకుండా పోతుంది, అంతే. పాత దారిలోనే కొత్త పైపులు, క్లిప్పులు, రేకు వేయించి, బ్రేక్ ఆయిల్ మార్పించి, పైపుల్లో చేరిన గాలి తీయించాం. బిల్లు పంపినప్పటి నుంచి డీలర్ ఫోన్ ఎత్తడం లేదు.