ఇంటి పనులకు డ్రిల్లు, రంపం: ఏళ్ల తరబడి వాడాక తేలిన లెక్క

గోడకూ చెక్కకూ ఇనుముకూ ఒకటే మిషన్ చాలనుకుని చాలామంది మొదట 13 మి.మీ. ఇంపాక్ట్ డ్రిల్లు కొంటారు. ఏళ్ల తరబడి వాడాక నా మాట ఇది: ఇటుక గోడ వరకు అది బాగానే పనికొస్తుంది. కాంక్రీటు దగ్గర చేతులెత్తేస్తుంది. స్క్రూలు బిగించడానికైతే మరీ బరువు, అదుపూ తక్కువ. దాని బదులు రెండు మిషన్లు ఉంచుకుంటే రెండు పనులూ శుభ్రంగా అవుతాయి. చెక్క, ఇనుము, స్క్రూల కోసం హ్యామర్ (దెబ్బలు కొట్టే ఏర్పాటు) లేని 18 వోల్టుల బ్యాటరీ డ్రిల్లు. గోడ కోసం రెండు కిలోల తరగతి రోటరీ హ్యామర్, అదీ కరెంటుతో నడిచేది. రంపాల్లో మొదట సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే జిగ్‌సా. ప్లైవుడ్ షీట్లు కోసే పని నిజంగా ఉంటేనే గుండ్రని బ్లేడు తిరిగే సర్క్యులర్ రంపం.

ఇంపాక్ట్ డ్రిల్లు కాంక్రీటు దగ్గర ఎందుకు ఆగిపోతుందో తెలియాలంటే దాని లోపల చూడాలి. పళ్లున్న రెండు బిళ్లలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి తిరుగుతూ రెండో దాని పళ్ల మీద ఎక్కి దిగుతుంటే బిట్టును, అంటే బెజ్జం వేసే పుల్లను, పట్టుకునే చక్ ముందుకీ వెనక్కీ అదురుతుంది. దెబ్బలు నిమిషానికి 40,000 దాకా పడతాయి కానీ ఒక్కోటి చాలా చిన్నది. పైగా ఆ పళ్లు కలిసి ఉండాలంటే వెనక నుంచి మనం ఒత్తుతూనే ఉండాలి. రోటరీ హ్యామర్ తీరు వేరు. అందులో పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఒక ఇనుప దిమ్మను విసురుతుంది, దిమ్మ వెళ్లి బిట్టు తోకను కొడుతుంది. నిమిషానికి నాలుగైదు వేల దెబ్బలే, కానీ ఒక్కోటి సుమారు 2 జౌళ్ల శక్తితో పడుతుంది. కాంక్రీటులో ఉన్న కంకర రాయి పగలాలంటే అలాంటి దెబ్బే కావాలి. స్లాబులో 8 మి.మీ. బెజ్జం 50 మి.మీ. లోతుకు ఈ మిషన్‌తో అర నిమిషంలోపే దిగుతుంది. అదే బెజ్జం ఇంపాక్ట్ డ్రిల్లుతో వేయబోతే కంకర రాయి తగిలిన చోట బిట్టు అక్కడే గిరగిరా తిరుగుతుంది. మొన వేడెక్కి నీలం రంగుకు మారుతుంది, ఆపైన కొనకు అతికిన కార్బైడ్ ముక్క ఊడిపోతుంది. బిట్టు నాసిరకమని తిట్టుకుంటాం గానీ తప్పు ఎక్కువసార్లు మిషన్ ఎంపికదే.

రోటరీ హ్యామర్ బిట్టు తోకను ఎస్‌డీఎస్ ప్లస్ అంటారు. తోక మందం 10 మి.మీ., దాని మీద నాలుగు గాడులు ఉంటాయి: చివరిదాకా తెరుచుకున్నవి రెండు తిప్పడానికి, మూసుకున్నవి రెండు బిట్టు జారిపోకుండా పట్టుకోవడానికి. బిట్టు లోపల కాస్త ముందుకీ వెనక్కీ ఆడుతుంటుంది, అది లోపం కాదు, దెబ్బ తగలాలంటే అలాగే ఉండాలి. పెట్టే ముందు తోకను గుడ్డతో తుడిచి బఠాణీ గింజంత గ్రీజు రాయాలి. రాయకపోతే దుమ్ము లోపలికి పోయి బిట్టు బిగుసుకుంటుంది, చక్ సీలు అరిగిపోతుంది. పెట్టాక ఒకసారి బయటికి లాగి చూడటం అలవాటు చేసుకోవాలి.

కొత్తగా వాడేవాళ్లు బలమంతా పెట్టి ఒత్తుతారు. మిషన్ గోడ మీద నిలబడేంత ఒత్తిడి చాలు. అంతకు మించితే దెబ్బ మెత్తబడుతుంది, బెజ్జం ఆలస్యమవుతుంది, చేతులు నొప్పెడతాయి. పక్క పిడి మాత్రం ఎప్పుడూ ఉండాల్సిందే. బిట్టు కాంక్రీటులోని ఇనుప ఊచకు చిక్కుకుంటే మిషనే తిరగబోతుంది. లోపల క్లచ్ ఉన్నా మణికట్టుకు మొదటి కుదుపు తప్పదు. సాఫీగా దిగుతున్న బిట్టు ఉన్నట్టుండి ఆగి, శబ్దం ఖంగుమంటూ మారి, దుమ్ము రావడం తగ్గిందంటే ఊచ తగిలినట్టే. ఆపి, బెజ్జాన్ని పక్కకు జరపండి. బీములో, పిల్లర్లో ఊచను కోయకూడదు.

స్క్రూకు పట్టు కోసం గోడలో దించే ప్లగ్గు వదులుగా ఉందనే ఫిర్యాదు చాలా ఇళ్లలో ఉంటుంది. కారణాలు రెండు. మొదటిది లోతు. పైన ఉన్న ప్లాస్టరింగుకు బరువు మోసే శక్తి ఉండదు, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. 40 మి.మీ. ప్లగ్గు, 15 మి.మీ. ప్లాస్టరింగు అయితే దుమ్ముకు మరో 10 కలిపి 65 మి.మీ. బెజ్జం వేయాలి. ప్లగ్గును ప్లాస్టరింగు దాటించి ఇటుకలోకి దిగగొట్టాలి, స్క్రూ పొడవునూ ఆ లెక్కనే ఎంచుకోవాలి. రెండోది మొదలుపెట్టే తీరు. పూర్తి వేగంతో, హ్యామర్‌తో మొదలుపెడితే బిట్టు గోడ మీద తడబడి బెజ్జం నోరు కోడిగుడ్డు ఆకారంలో వెడల్పవుతుంది. మెల్లగా, హ్యామర్ లేకుండా 5 మి.మీ. దిగాకే హ్యామర్ పెట్టాలి. బెజ్జం అయ్యాక లోపలి దుమ్ము ఊది తీసేయాలి, లేకుంటే ప్లగ్గు చివరిదాకా పోదు. డొల్ల ఇటుకల్లో అసలు హ్యామర్ వాడొద్దు, లోపలి పలుచని గోడలు పగిలి ప్లగ్గుకు పట్టు దొరకదు. స్విచ్చు బోర్డుకు నేరుగా పైనా కిందా బెజ్జం వేయకండి, వైర్ల పైపు ఆ దారిలోనే ఉంటుంది.

టైల్ దగ్గర హ్యామర్ ఆపి, బల్లెం మొనలాంటి టైల్ బిట్టు గానీ డైమండ్ బిట్టు గానీ వాడాలి. వేగం తక్కువ, తడి స్పాంజితో చల్లార్చుతూ ఉండాలి, కానీ ఆ నీళ్లు మిషన్‌లోకి పోకూడదు. టైల్ దాటి గోడ తగిలాకే మామూలు బిట్టు, హ్యామర్. అంచుకు మరీ దగ్గర బెజ్జం వేస్తే టైల్ మూల విరుగుతుంది.

ఇక బ్యాటరీ డ్రిల్లు. ఒక డబ్బా మీద 18 వోల్టులు, మరో డబ్బా మీద 20 వోల్టులు అని ఉంటే రెండోది బలమైనదని అనుకోవద్దు. రెండింట్లోనూ వరసగా 5 సెల్సే. ఒక్కో సెల్ 3.6 వోల్టుల చొప్పున లెక్కిస్తే 18, నిండా చార్జ్ అయినప్పుడు సుమారు 4 వోల్టుల చొప్పున లెక్కిస్తే 20. 12 వోల్టులని రాసిన వాటిలో 3 సెల్స్ ఉంటాయి. అల్మారా కీళ్లు, సొరుగు పట్టాలు బిగించడానికి ఆ చిన్నదే హాయి, ఇరుకులో చేయి పడుతుంది. చూడాల్సిన అంకె ఆంపియర్-గంటలు. 18 వోల్టుల 2 ఆంపియర్-గంటల బ్యాటరీలో 36 వాట్-గంటలు, 5 అయితే 90. డ్రిల్లుకు 2 చాలు, చేతికి తేలిక. సర్క్యులర్ రంపానికి 2 పెడితే షీటు మధ్యలోనే కుంటుతుంది.

బ్రష్‌లెస్ మోటారుకు కాస్త ఎక్కువ పెట్టొచ్చు. కార్బన్ బ్రష్‌ల రాపిడి ఉండదు, అదే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. బ్రష్‌లున్న మిషన్ కొంటే బయటి నుంచే మూత విప్పి బ్రష్‌లు మార్చుకునే వీలుందా అని చూడండి. నిప్పురవ్వలు ఎక్కువై, మిషన్ ఆగి ఆగి నడుస్తుంటే మార్చే సమయం వచ్చినట్టే, రెండూ కలిపి మార్చాలి.

చక్ వెనక అంకెలున్న రింగు క్లచ్, బిగింపు ఆ అంకెకు చేరగానే తిప్పడం ఆపేది. చాలామంది దాన్ని డ్రిల్లు గుర్తు మీదే వదిలేసి స్క్రూలు బిగిస్తారు. స్క్రూ తల ప్లైవుడ్‌లోకి మునిగిపోవడం, పార్టికిల్ బోర్డులో మర పొడైపోవడం అందుకే. చిన్న అంకెతో మొదలుపెట్టి, తల ఉపరితలానికి సమంగా కూర్చునేదాకా ఒక్కో అంకె పెంచుకుంటూ పోవాలి. మీద ఉండే 1, 2 గేర్ల విషయమూ ఇంతే: స్క్రూలకు, పెద్ద బెజ్జాలకు 1, చెక్కలో సన్న బెజ్జాలకు 2. గట్టి చెక్కలో 4 మి.మీ. స్క్రూకు ముందు 3 మి.మీ. బెజ్జం వేయకపోతే చెక్క చీలుతుంది, లేదా స్క్రూ మెడ దగ్గర విరుగుతుంది.

ఇనుములో బిట్లు మాడిపోయేది వేగం వల్లే. మామూలు ఉక్కులో హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టు 3 మి.మీ.దైతే నిమిషానికి 2,500 తిప్పుల దాకా తట్టుకుంటుంది, 10 మి.మీ.దానికి 800 చుట్టూ ఉండాలి. పంచ్‌తో గుంట కొట్టి, రెండు చుక్కల నూనె వేసి, సన్న బిట్టుతో మొదలుపెట్టి పెద్దదానికి వెళ్లండి. పొడి కాకుండా చుట్టలు చుట్టలుగా ఇనుము లేస్తుంటే అంతా సరిగ్గా ఉన్నట్టు. స్టెయిన్‌లెస్ స్టీలులో కోబాల్ట్ బిట్టు, తక్కువ వేగం, విడవని ఒత్తిడి. అక్కడ బిట్టు కోయకుండా ఒరుసుకుంటే ఆ చోటు గట్టిపడిపోయి ఇక ఏ బిట్టుకూ లొంగదు.

ఇంపాక్ట్ డ్రైవర్ వేరే మిషన్. పేరు చూసి గోడకు కొనకండి. అది పొడవాటి స్క్రూలకు, బోల్టులకు.

రంపాల్లో జిగ్‌సా నెమ్మది, కానీ భయపెట్టదు. సింకు కోసం గ్రానైట్ తప్ప మరేదైనా పలకలో గుండ్రని కోత, వంపులు, పైపు చుట్టూ ఖాళీ, అన్నీ దానితోనే. కొనేటప్పుడు టి ఆకారపు తోక బ్లేడ్లు పట్టేదే తీసుకోండి, రకరకాల బ్లేడ్లు దొరికేది వాటికే. శుభ్రమైన నిటారు కోతకు టి101బి, వంపులకు సన్నటి టి101ఏఓ, మందపాటి చెక్కను త్వరగా కోయడానికి టి144డి, పలుచని ఇనుప రేకుకు టి118ఏ. ఈ నాలుగుంటే ఇంటి పనుల్లో చాలా భాగం గడిచిపోతుంది. పక్కనున్న 0 నుంచి 3 అంకెల మీట బ్లేడును ముందుకు ఊపేది. మైకా అతికించిన పలకకు, ఇనుముకు 0 మాత్రమే. 3 పెడితే వేగం వస్తుంది, అంచు పేళ్లు లేస్తుంది.

దీని బలహీనత ఒకటుంది. 30 మి.మీ. దాటిన చెక్కలో, ముఖ్యంగా మలుపులో తోస్తే, బ్లేడు లోపల వంగుతుంది. పైన గీత మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, తిప్పి చూస్తే కింద 3, 4 మి.మీ. పక్కకు పోయి ఉంటుంది. తోయడం తగ్గించి, బ్లేడును తన దారిన కోయనివ్వడమే మందు. టేబుల్‌కు కాలు బిగించడం, తలుపు చట్రం లాంటి పనుల్లో ఈ తేడా కీళ్ల దగ్గర బయటపడుతుంది.

సర్క్యులర్ రంపం కొంటే 185 మి.మీ. బ్లేడుది సరైన సైజు, నిటారుగా 65 మి.మీ. దాకా కోస్తుంది. దానితో వచ్చే 24 పళ్ల బ్లేడు చెక్కను నిలువునా చీల్చడానికే. ప్లైవుడ్‌కు 40 నుంచి 60 పళ్లది వేరే కొనాలి. మిషన్ మీద పెట్టే డబ్బులో కొంత బ్లేడుకు మిగల్చండి, తేడా మొదటి కోతలోనే తెలుస్తుంది. దీని పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి, మామూలు జిగ్‌సా బ్లేడువి కూడా అంతే. అందుకని పెచ్చులు లేచేది పై ముఖాన. మంచి ముఖాన్ని కిందికి తిప్పి, కోసే గీత మీద మాస్కింగ్ టేపు అతికించి, మైకా అయితే ముందుగా కత్తితో గీత గీసుకుని కోయాలి.

ప్రమాదం ఎక్కడుందో చెప్పాలి. కోసిన సందు మూసుకుపోయి బ్లేడును నొక్కినప్పుడు రంపం వెనక్కి, మన మీదికి ఎగురుతుంది. షీటును రెండు కుర్చీల మీద ఆనించి మధ్యలో కోస్తే జరిగేది అదే. మధ్య కుంగి సందు బిగుసుకుంటుంది. నేల మీద నాలుగు కర్రలు పరచి, కోసే గీతకు అటు రెండు, ఇటు రెండు ఉండేలా షీటు వేయండి, తెగాక రెండు ముక్కలూ ఉన్న చోటే ఉంటాయి. బ్లేడు పలక అడుగు నుంచి 5, 6 మి.మీ. మాత్రమే బయటికి రావాలి. నిలబడేది బ్లేడు వెనక కాదు, పక్కన. బ్లేడు పూర్తిగా ఆగేదాకా రంపం ఎత్తొద్దు, బ్లేడును కప్పే కింది గార్డును మేకుతోనో చీలతోనో తెరిచి కట్టేయడం అసలే వద్దు. తిన్నని కోతకు ఒక నిటారైన పట్టీని రెండు క్లాంపులతో బిగించి, రంపం అడుగు పలకను దానికి ఆనించి నడపాలి. పట్టీ ఎంత దూరంలో పెట్టాలో వృథా ముక్క మీద ఒక కోత కోసి కొలుచుకుని, ఆ అంకెను మిషన్ మీదే రాసిపెట్టుకోండి.

మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు తగిలించి ప్లైవుడ్ కోసే అలవాటును నేను గట్టిగా వద్దంటాను. అది నిమిషానికి 12,000, 13,000 తిప్పులు తిరుగుతుంది, సర్క్యులర్ రంపం 5,000 చుట్టూ. ముడుచుకునే కింది గార్డు లేదు, ఎత్తిన క్షణంలో తిరుగుతున్న పళ్లు బయటే ఉంటాయి. యాంగిల్ గ్రైండర్‌కు చెక్క బ్లేడు ఇంకా ఘోరం.

కోణాల్లో అడ్డంగా కోసే మైటర్ రంపం తలుపు చట్రాలు, పట్టీలు వరసగా కోసేవాళ్లకే. ముందూ వెనకా ఆడే రెసిప్రొకేటింగ్ రంపం పాత చట్రాలు పీకడానికి, కొమ్మలు కొట్టడానికి తప్ప అక్కర్లేదు.

కరెంటు మిషన్లను ఇంట్లో ఫ్యాన్లకు వాడే సన్నని ఎక్స్‌టెన్షన్ వైరుతో నడపకండి. 1,200 వాట్ల రంపం పొడవైన సన్న వైరు మీద బలం లేకుండా తిరిగి వేడెక్కుతుంది. 1.5 చదరపు మి.మీ. వైరు, పొడవు పాతిక మీటర్లు దాటితే 2.5. రీలుకు చుట్టి ఉన్న వైరును మొత్తం విప్పాకే వాడాలి. కళ్లద్దాలు ఎప్పుడూ. కాంక్రీటు దుమ్ములో సిలికా ఉంటుంది, ఎండీఎఫ్ (చెక్క నారను నొక్కి చేసిన పలక) పొట్టు మరీ సన్నం, రెండింటికీ ఎన్95 మాస్కు. తిరిగే డ్రిల్లు దగ్గర చేతి తొడుగులు మాత్రం వద్దు, బిట్టుకు దారం చిక్కితే వేలిని కూడా లాగేస్తుంది.

వాడకపోయినా పాడయ్యేది బ్యాటరీ. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు సగం చార్జుతో, చల్లని చోట ఉంచండి. పని అయిన వెంటనే వేడిగా ఉన్నదాన్ని చార్జరులో పెట్టకుండా చల్లారనివ్వాలి. బ్లేడు విషయానికొస్తే, కోత దగ్గర మాడు వాసన రాగానే మొద్దుబారిందని పారేయకండి. చాలాసార్లు పళ్ల పక్కల ప్లైవుడ్ జిగురు, చెక్క బంక గడ్డకట్టి ఉంటాయి. కరెంటు ప్లగ్ పీకి, బ్లేడు విప్పి, సబ్బు నీళ్లలో కాసేపు నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్ది ఆరబెట్టండి. ఆ తర్వాత కూడా మాడుతుంటేనే పదును పోయినట్టు.