మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలా? లక్షన్నర కిలోమీటర్లు నడిపాక నా సమీక్ష

ముందే చెప్పేస్తాను: మార్చండి. కానీ మార్చగానే కారు కొత్తదైపోతుందన్న ఆశతో మాత్రం మార్చకండి. ఇంకో మాట. మార్చారా లేదా అన్నదానికంటే ఏ రకం పోశారన్నదే ముఖ్యం. తప్పు రకం పోయించుకునేకంటే పాత ఆయిల్‌తో ఇంకొన్నాళ్లు తిరగడమే నయం.

నాది 2014 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, ఐదు గేర్లు, ముందు చక్రాలు లాగే రకం. ఉండేది విజయవాడలో. కారు ఎక్కువగా తిరిగేది బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ట్రాఫిక్‌లోనే, అంటే రోజంతా ఒకటి, రెండు, మళ్లీ ఒకటి. మధ్యమధ్యలో హైదరాబాద్, ఎప్పుడైనా దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు. మీటరు లక్షన్నర దాటింది. గేర్ ఆయిల్ మొదటిసారి ఎనభై వేల దగ్గర, రెండోసారి లక్షా నలభై వేల దగ్గర మార్పించాను. గేర్‌బాక్స్ ఇంతవరకు విప్పింది లేదు.

మొదటిసారి అడిగినప్పుడు సర్వీస్ సెంటర్లో కౌంటర్ దగ్గరి అబ్బాయి, "అది లైఫ్‌టైమ్ సార్, ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు. ఇంటికొచ్చి కారుతో ఇచ్చిన పుస్తకం తీస్తే, సర్వీసు పట్టికలో కొన్ని గడుల్లో "చూడాలి" అనీ, ఒక గడిలో "మార్చాలి" అనీ స్పష్టంగా ఉంది. అన్ని కార్లకూ ఇలా ఉండదు. కొన్ని కంపెనీలు మామూలు వాడకంలో చూస్తే చాలంటాయి, కష్టమైన వాడకమైతే మార్చమంటాయి. ఆ కష్టమైన వాడకం కింద ఏమేం రాస్తారో చదవండి: ఆగుతూ సాగే ట్రాఫిక్, దుమ్ము, ఎండ, కొండ దారులు. మన ఊళ్లలో నడిచే కారు ఏదైనా ఇందులోకి రాకుండా ఉంటుందా?

గేర్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా త్వరగా పాడవదు, అది నిజమే. లోపల మంట లేదు, మసి లేదు, డీజిల్ వచ్చి కలవదు. కానీ మామూలు కారు గేర్‌బాక్స్‌లో పంపూ ఉండదు, ఫిల్టరూ ఉండదు. అడుగున నిలిచిన ఆయిల్‌ని తిరిగే పళ్లచక్రాలే పైకి చిమ్ముతాయి. బేరింగులకైనా షాఫ్టులకైనా అందేది ఆ చిమ్మిన ఆయిలే. అరిగిన పొడి బయటికి పోయే దారి లేదు. ఇనప పొడిని డ్రెయిన్ బోల్టుకున్న అయస్కాంతం కొంత పట్టి ఉంచుతుంది. సింక్రో రింగుల (గేరు పడేముందు వేగాలు సమం చేసే రింగులు) నుంచి రాలే ఇత్తడి పొడి అయస్కాంతానికి అంటదు కాబట్టి ఆయిల్‌లోనే తిరుగుతూ ఉంటుంది. పైగా మల్టీగ్రేడ్ ఆయిల్ (చలికీ వేడికీ రెండిటికీ సరిపోయేలా చేసినది) పళ్ల మధ్య ఏళ్ల తరబడి నలిగి చిక్కదనం కొంత పోగొట్టుకుంటుంది.

నేను మార్పించాలనుకోవడానికి కారణం రెండో గేరు. చలికాలం పొద్దున్నే బండి తీస్తే మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఒకటి నుంచి రెండుకి గట్టిగా పడేది, ఒక్కోసారి కర్రుమనేది. వేడెక్కాక మామూలే. మీకూ గేరు గట్టిగా పడుతోందంటే ఆయిల్ మీద పడే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు సులువుగా పడుతూ, స్టార్ట్ చేశాక ఏ గేరూ పడనని మొండికేస్తే ముందు అనుమానించాల్సింది క్లచ్‌ని. అది పూర్తిగా విడవట్లేదు. దానికి ఎంత ఖరీదైన గేర్ ఆయిల్ పోసినా ఉపయోగం లేదు. రివర్స్ గేరు ఒక్కటే కర్రుమంటే కంగారు పడకండి. చాలా చిన్న కార్లలో రివర్స్‌కి సింక్రో ఉండదు. బండి పూర్తిగా ఆగాక క్లచ్ తొక్కి రెండు సెకన్లు ఆగండి, లేదా ఒకసారి మొదటి గేరులోకి వేసి ఆపైన రివర్స్ వేయండి. నా కారులో ఆయిల్ మార్చక ముందూ అంతే, మార్చాకా అంతే.

ఇక అసలు విషయం, ఏ ఆయిల్. ఆటోనగర్లో నేను వెళ్లే మేస్త్రికి పాతికేళ్ల అనుభవం ఉంది, చెయ్యి మంచిది. ఆయన షెడ్డులో లారీలకీ ట్రాక్టర్లకీ పోసే తొంభై నంబర్ ఆయిల్ డ్రమ్ము ఎప్పుడూ ఉంటుంది. "ఇదీ తొంభయ్యే సార్, అదీ తొంభయ్యే, ఎందుకు డబ్బులు దండగ" అన్నాడు. డ్రమ్ము మీద చూస్తే జీఎల్-5 అని ఉంది. జీఎల్ అంటే ఆయిల్ ఎలాంటి గేర్లకు, ఎంత ఒత్తిడికి తగినదో చెప్పే తరగతి. నా పుస్తకంలో ఉన్నది జీఎల్-4, 75డబ్ల్యూ-90 (మొదటి నంబరు చల్లగా ఉన్నప్పటి చిక్కదనం, రెండోది వేడెక్కాక). "వద్దు మేస్త్రి గారూ, డబ్బా నేను తెచ్చాను" అని బ్యాగులోంచి తీసి ఇచ్చాను. ఆయన డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు గానీ, పోసింది మాత్రం అదే.

నాలుగు కంటే అయిదు పెద్ద నంబరు కదా, ఇంకా మంచిదేమో అనిపించడం సహజం. జీఎల్-5 తయారైంది లారీలు, జీపుల వెనక డిఫరెన్షియల్లో (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టె) ఉండే హైపాయిడ్ గేర్ల కోసం. అక్కడ పళ్లు ఒకదాని మీద ఒకటి బాగా జారుతూ గట్టిగా నొక్కుకుంటాయి. ఆ ఒత్తిడికి తట్టుకోవడానికి గంధకం, ఫాస్ఫరస్ ఉన్న మందులు జీఎల్-4లో కంటే దాదాపు రెట్టింపు కలుపుతారు. ఆ మందుల్లో కొన్ని రకాలు వేడి మీద ఇత్తడిని తినేస్తాయి, మన సింక్రో రింగులేమో చాలావరకు ఇత్తడివి. అడ్డంగా ఇంజిన్ పెట్టిన ముందు చక్రాల కార్లలో డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌తో కలిసే ఉంటుంది, ఒకే ఆయిల్‌లో తిరుగుతుంది. అందులో హైపాయిడ్ గేర్లు ఉండవు. లేని గేర్ల కోసం ఆ మందులన్నీ ఎందుకు?

రెండో సంగతి జారుడు. మనం గేరు నెట్టినప్పుడు సింక్రో రింగు వెళ్లి గేరు పక్కనున్న కోనుని అదుముకుని, రాపిడితో రెండిటి వేగం ఒకటి చేస్తుంది. ఆ తర్వాతే పళ్లు కలుస్తాయి. ఆ రాపిడి కలగాలంటే మధ్యలో ఉన్న ఆయిల్ పొర క్షణంలో తప్పుకోవాలి. మరీ చిక్కనిదైతే తప్పుకోదు, గేరు గట్టిగా పడుతుంది. మరీ జారుడైతే రింగుకి పట్టు దొరకదు, కర్రుమంటుంది. అంటే పళ్లకు మంచి చేసే గుణమే రింగుకి చెడు చేయొచ్చు. పుస్తకంలో రాసిన రకమే పోయమనేది ఇందుకే. కొన్ని కార్లకు 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-85 లాంటి పలచనివి రాస్తారు, కొన్నిటికి కంపెనీ సొంత ఆయిల్ తప్ప వేరేది వద్దంటారు. "మన ఎండలకి చిక్కనిదే మంచిది" అనే సలహా వినకండి. 75డబ్ల్యూ-90, 80డబ్ల్యూ-90 రెండూ వేడెక్కాక ఒకటే తొంభై. తేడా అంతా చల్లగా ఉన్నప్పుడే. ఇంకొకటి, తొంభై అనగానే ఇంజిన్ ఆయిల్ కంటే రెండింతలు చిక్కన అనుకుంటారు. గేర్ ఆయిల్ నంబర్ల కొలత వేరు. వేడి మీద తొంభై గేర్ ఆయిల్ ఇంచుమించు నలభై, యాభై ఇంజిన్ ఆయిల్‌ అంతే ఉంటుంది.

మార్చే పని చిన్నదే, కానీ దగ్గరుండి చేయించుకోండి. కాస్త దూరం నడిపి ఆయిల్ వేడెక్కాక తీయించాలి. ముందు విప్పాల్సింది కింది బోల్టు కాదు, ఆయిల్ పోసే బోల్టు. అది ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోయి ఉంటుంది. ఉన్న ఆయిల్ అంతా కార్చేశాక అది రాకపోతే కారు అక్కడే ఆగిపోతుంది. బండి సమంగా నిలబడాలి. ఒకవైపే జాకీ ఎత్తి పని కానిచ్చేస్తే పాతది పూర్తిగా దిగదు, కొత్తది కొలత తప్పుతుంది. నా దాంట్లో పోసే బోల్టు పక్కన ఉంటుంది, ఆ కన్నం అంచు దాకా నింపితే సరి, పొంగి కారడం మొదలవగానే ఆపాలి. "ఇంకో అర లీటరు పడితే మంచిదే కదా" అనే కుర్రాళ్లుంటారు, ఒప్పుకోవద్దు. ఎక్కువైతే నురగ కడుతుంది, గాలి ఆడే కన్నం (బ్రీదర్) నుంచో సీళ్ల నుంచో బయటికి తన్నుతుంది. బోల్టు వాషర్లు కొత్తవి వేయించండి, పదీ పరకా ఖర్చు. యాక్సిల్ దగ్గర ఆయిల్ సీళ్లు చెమ్మగా ఉన్నాయేమో ఆ చేత్తోనే చూపించుకోండి. ఆయిల్ పాతబడటం కంటే సీలు కారి ఆయిల్ తగ్గిపోవడమే గేర్‌బాక్స్‌ని త్వరగా చంపుతుంది.

మొదటిసారి దిగిన ఆయిల్ ముదురు గోధుమ రంగులో, ఎండలో పెడితే సన్నటి పసుపు మెరుపుతో ఉంది. అయస్కాంతం నిండా బూడిద రంగు ముద్ద. వేళ్ల మధ్య రుద్దితే మెత్తగానే ఉంది. అలా ఉంటే భయం లేదు. ముక్కలు తగిలితేనే టెన్షన్ పడాలి. రెండోసారి దిగింది చాలా తేటగా ఉంది, అయస్కాంతం మీద పొర కూడా పలచనే. కొత్తలో గేర్లు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలే పొడే ఎక్కువ, అదంతా మొదటి ఆయిల్‌లోనే మిగిలిపోతుంది. నన్నడిగితే ఆ మొదటి మార్పే అసలు విలువైనది.

ఫలితం? పొద్దుటి పూట రెండో గేరు మెత్తబడింది. కర్రుమనడం పోయింది, ఇప్పటిదాకా మళ్లీ రాలేదు. ట్రాఫిక్‌లో చేతికి తేడా తెలిసింది గానీ వారం తిరిగేసరికి అలవాటైపోయి గమనించడం మానేశాను. అయిదో గేరులో వేగం తొంభై దాటితే వచ్చే సన్నటి ఊళ మాత్రం అలాగే ఉంది. బేరింగు అరిగితే వచ్చే శబ్దాన్ని ఆయిల్ మార్చలేదు. మైలేజీ పెరుగుతుందని చెప్పేవాళ్లున్నారు, నాకైతే ఎక్కడా కనబడలేదు. రెండోసారి మార్చినప్పుడు నడకలో ఏ తేడా తెలియలేదని కూడా చెప్పాలి. పాతది బాగానే ఉంది కాబట్టి తెలియకపోవడమే సహజం.

ఖర్చు చూస్తే రెండు లీటర్ల పైచిలుకు ఆయిల్, వాషర్లు, కూలీ కలిపి రెండు వేల రూపాయల్లో అయిపోయింది. గేర్‌బాక్స్ దింపి సింక్రోలు వేయించుకున్నవాళ్లని అడిగితే దానికి ఎన్ని రెట్లవుతుందో చెబుతారు.

ఈ లెక్కలేవీ చూడకుండా వెంటనే మార్చాల్సిన సందర్భం ఒకటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు మా బావమరిది కారు కూడా నీళ్లలోనే ఉండిపోయింది. ఇంజిన్ గురించీ సీట్ల గురించీ అందరూ మాట్లాడారు గానీ గేర్‌బాక్స్ ఊసు ఎవరూ ఎత్తలేదు. గేర్‌బాక్స్ పైన గాలి ఆడటానికి బ్రీదర్ అని చిన్న కన్నం ఉంటుంది, నీళ్లు అంత ఎత్తుకొస్తే అందులోంచి దిగిపోతాయి. బోల్టు విప్పగానే ముందు నీళ్లు పడ్డాయి, ఆ వెనక పాలెక్కువైన టీలా ఆయిల్. లోపల కడగడానికి మామూలు రకం ఒకసారి పోసి కాస్త తిప్పి తీసేసి, తర్వాత సరైనది పోశారు. కారు ఇప్పటికీ నడుస్తోంది. వరద కార్లు తక్కువ రేటుకి చేతులు మారుతుంటాయి కాబట్టి, సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు గేర్ ఆయిల్ చరిత్ర తెలియకపోతే మొదటి నెలలోనే మార్చేయడం మంచిది.

ఏఎంటీ కార్లవాళ్లకు ఒక్క మాట. మీ కారులో ఉన్నదీ ఈ మాన్యువల్ గేర్‌బాక్సే, గేరు వేసే పని మాత్రం మెషీన్ చేస్తుంది. గేర్ ఆయిల్‌కి ఇదే లెక్క. చాలా కార్లలో ఆ మెషీన్‌కి వేరే హైడ్రాలిక్ ఆయిల్ ఉంటుంది, ఒకదాన్ని ఇంకోదానిలో పోయనివ్వకండి.

నేను మూడోసారి రెండు లక్షల దగ్గర మార్పిద్దామనుకుంటున్నాను. అప్పటికి క్లచ్ ప్లేట్లు కూడా మార్చాల్సి వస్తుంది. అందుకు యాక్సిళ్లు తీసి గేర్‌బాక్స్ దింపాలి కాబట్టి ఆయిల్ ఎలాగూ కార్చాల్సిందే. మీకూ క్లచ్ పని దగ్గర పడుతుంటే ఆయిల్ కోసం విడిగా వెళ్లకుండా రెండూ కలిపి చేయించుకోండి. దింపిన పాత ఆయిల్‌నే టబ్బులోంచి తిరిగి పోసే షెడ్లున్నాయి. కొత్త డబ్బా సీలు మీ ఎదురుగానే తీయమనండి.